ఆదివార పఠనములు - అనుదిన జీవితము

నల్లగొండ, మహబూబునగరము సీమలలో ఆదివారమునాడు ఏ కతోలిక దేవాలయమునకు వెళ్లినను దివ్యబలిపూజలో మూడు పఠనములు, ఒక కీర్తన వినవచ్చును. మొదటి పఠనము సాధారణముగా పాత నిబంధన నుండియు, రెండవది అపోస్తలుల లేఖల నుండియు, మూడవది సువిశేషము నుండియు గైకొనబడును. పఠనములు ముగియును, గురువుగారి ప్రసంగము ముగియును, పూజ ముగియును, జనులు ఇండ్లకు మరలుదురు. మరునాడు తెల్లవారినది మొదలు పొలము, కూలి, బడి, అంగడి. నిన్న విన్న మాటకును నేడు చేయు పనికిని సంబంధమేమి? ఈ ప్రశ్నను విశ్వాసులు తమలో తాము వేసికొనుచునే యుందురు. రామాయణమంతయు విని రామునికి సీత యేమగునని అడిగిన వాని సామెత మన దేశమున అన్ని మతములవారికిని వర్తించును. విన్నదానిని బ్రతుకుతో ముడివేయుట ఎల్లరకును కష్టమే.

ప్రసంగించుట గురువుల ధర్మము. మేము ఇచ్చట ప్రసంగము చేయబోవుట లేదు. ఈ పఠనములు ఏ క్రమమున ఏర్పడినవి, ఆ క్రమమును తెలిసికొన్నచో కలుగు ప్రయోజనమేమి, ఈ మెట్టసీమలోని రైతునకు, కూలికి, గృహిణికి ఆ మాటలు ఎట్లు అన్వయించును అను విషయములను వివరించుటయే మా ఉద్దేశము. పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు 2016లోను, 2019లోను చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. అయినను నేల యొక్కటే, వాన యొక్కటే, వలస యొక్కటే గాన ఇచ్చట పాత పేర్లతోనే వ్యవహరింతుము.

తెలంగాణమున కతోలిక సమాజము నిన్న మొన్న ఏర్పడినది కాదు. తరువాతి కాలమున పీమే సభయని పేరొందిన మిలాను నగరపు సంస్థకు చెందిన గురువులు 1855లోనే హైదరాబాదు ప్రాంతమునకు వచ్చిరి. 1976 మే 31న నల్లగొండ మేత్రాసనము ఏర్పడినది. పీమే సభకే చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్ గారు దానికి మొదటి మేత్రాణులైరి. ఒక విచారణకు పెక్కు పల్లెలు చేరియుండుటచే గురువు ప్రతి ఆదివారము ప్రతి పల్లెకును పోజాలడు. గురువు రాని ఆదివారము ఉపదేశి ప్రజలను కూర్చి ఆనాటి పఠనములను చదివి ప్రార్థన నడుపును. అట్టి పల్లెలలో ఆదివారమునాడు విశ్వాసులకు చేరునది ముఖ్యముగా చదువబడిన వాక్యమే. కావున పఠనమును చక్కగా వినుట, దానిని అర్థము చేసికొనుట పట్టణవాసులకంటె పల్లెవాసులకే ఎక్కువ అవసరము.

1969కి పూర్వము పఠన క్రమము వేరుగా నుండెను. ఆదివారమునకు రెండే పఠనములు, ఒకటి లేఖ, ఒకటి సువిశేషము. అవియే ప్రతి సంవత్సరము మరల మరల వచ్చుచుండెను. పాత నిబంధన ఆదివారమునాడు వినబడుట మిక్కిలి అరుదు. పూజ లాటిను భాషలో జరుగుచుండుటచే సామాన్యునికి దేశభాషలో చెప్పబడిన కొద్ది మాటలే ఆధారము. 1962 మొదలు 1965 వరకు రోమునగరమున జరిగిన రెండవ వాటికను మహాసభ ఈ లోపమును గుర్తించినది. 1963 డిసెంబరు 4న ఆ సభ ప్రకటించిన దైవార్చన సంవిధానము పవిత్రగ్రంథపు ముఖ్యభాగములను కొన్ని సంవత్సరముల కాలములో ప్రజలకు వినిపింపవలెనని ఆదేశించినది. ప్రసంగము పూజలో అంతర్భాగమని చెప్పినది. దేశభాషలకు చోటు కల్పించినది. దాని ఫలముగా క్రొత్త పఠన క్రమము 1969 మే 25న ప్రకటింపబడినది. ఆ యేటి ఆగమనకాలపు మొదటి ఆదివారము, అనగా నవంబరు 30 నుండి దాని వాడుక ఆరంభమైనది. 1981లో దాని రెండవ కూర్పు వెలువడినది.

ఈ క్రమము మూడు సంవత్సరముల చక్రము. ఒక సంవత్సరము మత్తయి సువిశేషము, మరుసటి సంవత్సరము మార్కు, ఆ పై సంవత్సరము లూకా. ఏది ఏ సంవత్సరమో తెలిసికొనుటకు సులువైన లెక్క కలదు. క్రీస్తుశక సంవత్సరమును మూడుచే భాగింపవలెను. శేషము లేనిచో లూకా, ఒకటి మిగిలినచో మత్తయి, రెండు మిగిలినచో మార్కు. 2025 మూడుచే నిశ్శేషముగా భాగింపబడును గాన లూకా సంవత్సరము, 2026 మత్తయి సంవత్సరము, 2027 మార్కు సంవత్సరము. అయితే ఈ సంవత్సరము జనవరిలో మొదలు కాదు. అంతకు ముందటి నవంబరు చివరనో డిసెంబరు మొదటనో ఆగమనకాలముతో మొదలగును. యోహాను సువిశేషమునకు ప్రత్యేకముగా ఒక సంవత్సరము లేదు. తపస్సుకాలమునను పాస్కాకాలమునను దానిని విశేషముగా చదువుదురు. మార్కు గ్రంథము చిన్నది గాన ఆ సంవత్సరపు నడుమ ఐదు ఆదివారములు యోహాను ఆరవ అధ్యాయమును చదువుదురు.

ఇక మూడు పఠనముల పొందిక. సామాన్యకాలమున మొదటి పఠనము సువిశేషమునకు జతగా ఎంపిక చేయబడినది. ఆ వెంట వచ్చు కీర్తన మొదటి పఠనమునకు ప్రజలిచ్చు జవాబు. రెండవ పఠనము మాత్రము వేరు దారిని నడచును. ఒక లేఖను కొన్ని వారములు వరుసగా చదువుకొనుచు పోవుదురు. కావున సామాన్యకాలమున మూడింటిని బలవంతముగా ఒకే త్రాటికి కట్టనక్కరలేదు. ఆగమన, తపస్సు, పాస్కా కాలములలోను, పండుగలలోను మూడింటికిని సంబంధము కనబడును. పాస్కాకాలమున మొదటి పఠనము పాత నిబంధనకు బదులుగా అపోస్తలుల కార్యముల నుండి వచ్చును. ఈ కొద్దిపాటి విషయము తెలిసినవాడు పఠనములను వినుటలో దారి తప్పడు. మొదటి పఠనమునకును సువిశేషమునకును ముడి ఎక్కడ ఉన్నదని వెదకుటయే అతడు చేయవలసిన మొదటి పని. కొన్ని ఉదాహరణములు తీసికొందము.

మత్తయి సంవత్సరమున సామాన్యకాలపు 15వ ఆదివారము విత్తువాని ఉపమానము చదువబడును. ఈ ఆదివారము జూలై 10 - 16 తేదీల నడుమ, పునర్వసు కార్తెలో, వచ్చును. మొదటి పఠనము యెషయా ప్రవక్త 55వ అధ్యాయము. ఆకాశమునుండి దిగివచ్చిన వాన నేలను తడిపి పైరు మొలిపింపక మరలిపోనట్లే దేవుని వాక్కును వ్యర్థముగా మరలిపోదని దాని భావము. ఎఱ్ఱ చెల్కలలో కంది, జొన్న, ఆముదము, పత్తి విత్తి మేఘమువైపు చూచు రైతునకు ఈ పఠనమును ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. ఉపమానములోని నాలుగు విధముల నేలయు అతని చేనిలోనే కలదు. గట్టు ప్రక్కన త్రొక్కుడుపడిన బాట, అడుగున బండ గల పలుచని మన్ను, ముండ్లపొదలు మొలిచిన మూల, మంచి నేల, అన్నియు ఒకే కమతములో నున్నవి. కావున ఈ ఉపమానమును విని, ఫలానివాడు రాతినేల, ఫలానివాడు ముండ్లనేల అని పొరుగువారిని పంచిపెట్టుట సరికాదు. నాలుగు నేలలును ఒకే హృదయములో నుండును. ఈ సీమ రైతులు తరతరములుగా చేలలోని రాళ్లనేరి గట్లుగా పేర్చిరి. ఆ పని ఒక్క ఏట ముగియలేదు. హృదయములోని రాళ్లనేరుటయు అట్టిదే.

ఈ పఠనములో మరియొక మాట గమనింపదగినది. పైరును అణచివేయు ముండ్లు ఐహిక చింతయు ధనవ్యామోహమునని సువిశేషము చెప్పుచున్నది. ధనవ్యామోహము ధనికుని ముల్లు, చింత పేదవాని ముల్లు. వానలు తప్పి, అప్పు పెరిగి, ప్రాణము తీసికొనిన రైతుల ఇండ్లు ఈ జిల్లాలలో కలవు. అట్టి ఇంటివారు ఈ పఠనమును వినునపుడు, పంట పండనిది మా పాపము వలననే కాబోలునని కుములరాదు. ఉపమానములోని నేల మనుష్యుని హృదయమునకు పోలికయే గాని, పంట ఎండినవాని హృదయము రాతినేలయని ఉపమానము చెప్పుట లేదు. ఈ భేదమును చక్కగా చెప్పుట ఉపదేశుల బాధ్యత. చింత అను ముల్లును ఒంటరిగా పెరికివేయుట ఎవరికిని సాధ్యము కాదు. ఆ ఆదివారము పూజ ముగిసిన పిమ్మట అప్పుల పాలైన ఒక రైతు ఇంటికి పోయి ఒక గడియ కూర్చుండి అతని మాట వినుటయే ఆ పఠనమునకు తగిన అన్వయము.

మత్తయి సంవత్సరపు తపస్సుకాలములో మూడవ ఆదివారము నీటి ఆదివారమని చెప్పదగును. మొదటి పఠనము నిర్గమకాండము 17వ అధ్యాయము. ఎడారిలో దప్పిగొన్న ప్రజలు మోషేపై సణగుట, అతడు బండను కొట్టగా నీరు వెలువడుట అందలి కథ. సువిశేషము యోహాను 4వ అధ్యాయము. నడుమధ్యాహ్నమున యాకోబు బావికడ కూర్చుండిన యేసు ప్రభువు సమరియ స్త్రీని దాహమునకు నీరడుగుట అందలి కథ. జ్ఞానస్నానమునకు సిద్ధపడువారున్న చోట ఈ పఠనములను ఇతర సంవత్సరములందును వాడవచ్చును. ఇది చదువబడునది సాధారణముగా మార్చి మాసము, మన బోరుబావులు అడుగంటు కాలము.

నల్లగొండ జిల్లాలో బావి అను మాటకు రెండు బాధలు తోడుగా నుండెను. మొదటిది ఫ్లోరైడు. తీర్మానింపబడిన హద్దు లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాము. దానిని మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పల్లెలలో పిల్లల పండ్లు గారపట్టినవి, పెద్దల ఎముకలు వంగినవి. మర్రిగూడ వంటి ప్రాంతముల పేర్లు ఈ బాధవలననే దేశమంతట తెలిసినవి. నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తొలగించు పద్ధతికి శాస్త్రజ్ఞులు నల్లగొండ పద్ధతియని పేరుపెట్టిరి. తరువాత కృష్ణానది నీరు శుద్ధిచేయబడి గొట్టముల ద్వారా పల్లెలకు చేరినది. అయినను ఒకసారి వంగిన ఎముక మంచినీరు త్రాగినంతమాత్రమున మరల నిటారు కాదు. ఆ తరమువారిని ఆదరించు బాధ్యత నీరు వచ్చుటతో తీరిపోలేదు.

రెండవ బాధ అంటరానితనము. యూదులు సమరియులతో పొత్తు పెట్టుకొనరని సువిశేషము స్పష్టముగా చెప్పుచున్నది. ఆమె పాత్రనుండి నీరు త్రాగుటకు ఒక యూదుడు సిద్ధపడుటయే ఆమెకు ఆశ్చర్యము కలిగించినది. మన పల్లెలలో ఊరిబావి వేరు, మాలమాదిగల బావి వేరు. తమ బావి ఎండినపుడు, ఊరివారు ఎవరైన చేది పోయుదురాయని బిందెపట్టుకొని దూరముగా నిలిచిన స్త్రీల సంగతి నేటి వృద్ధులకు కథ కాదు, అనుభవము. కావున ఈ పఠనము విని, నీటి పొదుపును గూర్చి మాత్రమే మాటలాడి ముగించినచో సగము మాత్రమే విన్నట్లగును. ఎవరి ఇంట నీరు త్రాగుటకు మనమింకను వెనుదీయుచున్నాము? ఎవరికి ఇచ్చు గ్లాసును వేరుగా నుంచుచున్నాము? తపస్సుకాలపు ఉపవాసముకంటె ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టతరము.

అదే మత్తయి సంవత్సరమున అక్టోబరు చివర 30వ ఆదివారము వచ్చును. ఆనాటి సువిశేషము మిక్కిలి ప్రసిద్ధము. దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపవలెను, పొరుగువానిని నిన్నువలె ప్రేమింపవలెనని రెండు ఆజ్ఞల సారాంశము. ప్రేమయను మాట తియ్యనిది గాన వినువారందరును తల యూపుదురు. అయితే క్రమమును కూర్చినవారు ఆ సువిశేషమునకు జతగా నిర్గమకాండము 22వ అధ్యాయములోని ఒక భాగమును పెట్టిరి. అందులో ప్రేమ అను మాట కనబడదు. పరదేశిని పీడింపరాదు, ఒకప్పుడు మీరును ఐగుప్తులో పరదేశులే. విధవను, తండ్రిలేని బిడ్డను బాధింపరాదు. పేదవానికి అప్పిచ్చి వడ్డీవ్యాపారివలె మెలగరాదు. కుదువగా తీసికొన్న పైవస్త్రమును ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి ఇయ్యవలెను, రాత్రి కప్పుకొనుటకు వానికి మరియొకటి లేదు. ఇదియే ఆ భాగపు సారము. పొరుగువాని ప్రేమ యనగా నేమో మొదటి పఠనము లెక్కచెప్పి చూపుచున్నది. రెండు పఠనముల జతను గమనించుటవలన కలుగు లాభమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఈ భాగములోని ఒక్కొక్క మాటకును పాలమూరున ఒక్కొక్క ముఖము కలదు. పాలమూరు కూలీయన్న పేరు దేశమున ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టిన చోటనెల్ల వినబడినది. గుంపుమేస్త్రీ ఇచ్చిన ముందుసొమ్మునకు కట్టుబడి, బొంబాయికో పూణెకో మరియొక దూరప్రదేశమునకో ఆలుమగలు పోవుదురు. ముసలివారును పిల్లలును ఊరిలో మిగులుదురు. అప్పు చూపి మనుష్యుని శ్రమను కట్టివేయు వెట్టిని 1976లో పార్లమెంటు చట్టముచే రద్దుచేసినది. చట్టము వచ్చినంతనే ఆచారమంతయు మాయము కాలేదు. కావున పరదేశియన్న మాట విన్నపుడు ఈ సీమ కతోలికుడు రెండు వైపుల చూడవలెను. తన వారు పరదేశులై ఎక్కడనో ఉన్నారు. అట్లే ఇటుకబట్టీలలోను, కట్టడములకడను పనిచేయుటకు ఒడిశానుండియు, బీహారునుండియు వచ్చినవారు ఇచ్చట పరదేశులు. మన బిడ్డలకు బొంబాయిలో ఏ మర్యాద జరుగవలెనని కోరుదుమో ఆ మర్యాద వీరికి ఇచ్చట జరుగుచున్నదా యని అడుగుటయే ఆనాటి పఠనమును పాటించుట.

ఇక మిత్తి సంగతి. అప్పు పుట్టకుండ వ్యవసాయము సాగదు, పెండ్లి జరుగదు, వైద్యము దొరకదు. అప్పిచ్చుట తప్పని పఠనము చెప్పుట లేదు. ఆపదలోనున్న పేదవాని అవసరమును లాభమునకు వాడుకొనుటయే తప్పు. ప్రాచీనుల పైవస్త్రమునకు బదులు నేడు కుదువకు వచ్చునవి పుస్తెలతాడు, భూమి పాసుపుస్తకము, వ్యవసాయపు పనిముట్టు. దేవాలయమున ముందువరుసలో కూర్చుండువారిలో మిత్తికిచ్చువారును, వారి వెనుకవరుసలో వారికి బాకీపడినవారును ఉండవచ్చును. ఇద్దరును ఒకే పఠనమును వినుచున్నారు. ఆ దినమున ఒకరు కొంత మిత్తిని మాఫీచేసినచో, ఒక కుదువవస్తువును తిరిగి ఇచ్చినచో, వాక్యము ఆ ఊరిలో నెరవేరినదని చెప్పవచ్చును. స్త్రీల పొదుపు సంఘములు న్యాయమైన మిత్తికి అప్పు దొరకునట్లు చేయుటయు ఈ పఠనమునకు ఒక విధమగు అన్వయమే.

మార్కు సంవత్సరమున సెప్టెంబరు మాసము యాకోబు లేఖకు చెందినది. ఐదు ఆదివారములు వరుసగా రెండవ పఠనముగా ఈ లేఖ చదువబడును. ఇది వేరు దారిని నడచు పఠనమే అయినను వినువారిని వదలి పెట్టునది కాదు. 23వ ఆదివారపు భాగములో, బంగారు ఉంగరము, మంచి బట్టలు ధరించి సభకు వచ్చినవానికి పీటవేసి, మాసిన బట్టలవానిని నిలుచుండుమనుట తప్పని యాకోబు హెచ్చరించుచున్నాడు. దేవాలయములో ఎవరు ఎక్కడ కూర్చుందురు, పఠనము చదువుటకు ఎవరి బిడ్డను పిలుతురు, సమాధిస్థలములో ఎవరికి ఎక్కడ చోటు అను విషయములను ఈ భాగము అద్దమువలె చూపును. మన మేత్రాసనములలోని విశ్వాసులలో దళితులు పెక్కుమంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులములవారి హక్కులు లభింపలేదు. వెలుపల ఇట్టి కొరత యుండగా లోపల మరియొక కొరత పెట్టుట రెండింతల అన్యాయము. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత సాధికారతా విధానములో అంటరానితనమును ఘోరమైన సాంఘిక పాపముగా ఎంచినది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రమేత్రాణులైన పూల అంతోని గారు కార్డినలు పదవిని స్వీకరించిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవినందిన మొదటివారు ఆయనయే. ఇది సంతోషకరమైన వార్త. అయినను యాకోబు అడుగునది రోమునగరపు పీఠమును గూర్చి కాదు, మన గుడిలోని చాపను గూర్చి.

అదే లేఖ 26వ ఆదివారమున మరింత తీవ్రముగా మాటలాడును. కోతకోసినవారికి బిగపట్టిన కూలి దేవునికి మొరపెట్టుచున్నదని అందలి భావము. ఇది పత్తి ఏరుటకు, వరికోతలకు కొంచెము ముందు వచ్చు పఠనము. కూలి ఎంత, ఎప్పుడు ఇత్తుము, ఆడకూలికిని మగకూలికిని భేదమెందుకు అను లెక్కలు సరిచూచుకొనుటకు ఇదియే తగిన సమయము. మత్తయి సంవత్సరపు 25వ ఆదివారమున చదువబడు ద్రాక్షతోట కూలీల ఉపమానమును దీనితో కలిపి చూడవచ్చును. ప్రొద్దుగూకబోవువేళ వచ్చినవానికిని యజమాని ఒక దీనారమునిచ్చెను. దీనారమనగా ఒక దినపు కూలి, ఒక కుటుంబపు ఒకనాటి తిండి. ఎందుకు పనిలేక నిలుచుంటిరని అడుగగా, మమ్ము ఎవరును పనికి పిలువలేదని వారు చెప్పిన జవాబు నేటికిని కూలి అడ్డాలమీద వినబడునదే. దేవుని రాజ్యములోని దయను తెలుపుటకై చెప్పబడిన ఈ కథ కూలిరేట్ల పట్టిక కాదు. అయినను పని దొరకనివానికిని ఆకలియుండునని తెలిసిన యజమానిని అది మన కండ్లయెదుట నిలుపుచున్నది.

మార్కు సంవత్సరపు పాస్కాకాలములో రెండవ ఆదివారము అపోస్తలుల కార్యములు 4వ అధ్యాయము వినబడును. ఆది విశ్వాసులలో భూములున్నవారు వానిని అమ్మి సొమ్ము తెచ్చుటచే కొరతపడినవాడు లేకపోయెనని అందు చెప్పబడినది. ఇది నమ్మశక్యము కాని పాతకథయని కొందరు అనుకొందురు. నల్లగొండ సీమవారు మాత్రము అట్లనుటకు వీలులేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో, దళితులు భూమి కావలెనని కోరగా ఆచార్య వినోబాభావే ఆ కోరికను సభముందుంచెను. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరు ఎకరములిచ్చిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. ఆయన క్రైస్తవుడు కాడు, వినోబా క్రైస్తవుడు కాడు. అయినను ఆ పఠనములోని మాట ఈ నేలమీద సాధ్యమని ఆ దినమున ఋజువైనది. మంచిని అన్యుల చేతులలోనైన గుర్తించుట పఠనమును చక్కగా విన్నవాని లక్షణము.

ఇన్ని ఉదాహరణములు చెప్పిన పిమ్మట, ఇంట ఎట్లు మొదలుపెట్టవలెనను ప్రశ్న వచ్చును. బెల్జియము దేశపు గురువు జోసెఫు కార్డిన్ గారు శ్రామిక యువకులకు ఒక పద్ధతి నేర్పిరి. చూడుము, తూచుము, చేయుము అని దాని సారము. 1961లో ఇరువదిమూడవ యోహాను పోపుగారు తమ విశ్వలేఖలో దీనిని ఆమోదించిరి. మన ఇండ్లకు ఇది చక్కగా సరిపోవును. శనివారము రాత్రి భోజనమైన పిమ్మట చదువువచ్చిన బిడ్డచే మరునాటి సువిశేషమును, మొదటి పఠనమును మెల్లగా చదివింపవలెను. చదువురాని అవ్వతాతలు విని, తమకు పట్టుబడిన మాటను చెప్పవలెను. పూజలో రెండవమారు విన్నపుడు అది తెలిసిన ముఖమువలె తోచును. ఆదివారము సాయంకాలము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పఠనమును మొదట విన్నవారికి అది ఏమి చెప్పినది? మన ఊరిలో దీనికి పోలిన సంగతి ఏది? ఈ వారములో మనము చేయగల ఒక్క పని ఏది? ఒక్క పనియని నొక్కి చెప్పుచున్నాము. పది పనులు తలపెట్టినవాడు ఒక్కటియు చేయడు. శనివారము వచ్చినపుడు ఆ పని జరిగినదా లేదా యని ఇంటివారే విచారించుకొనవలెను.

బైబులు వ్యాఖ్యానములు కావలసినవారికి తెలుగున కొరత లేదు. యేసుసభ గురువులు పూదోట జోజయ్యగారు వ్రాసిన బైబులు భాష్య సంపుటావళి ఇందుకు మిక్కిలి ఉపకరించును. 2019 సెప్టెంబరు 30న ఫ్రాన్సిసు పోపుగారు సామాన్యకాలపు మూడవ ఆదివారమును దైవవాక్య ఆదివారముగా ప్రకటించిరి. జనవరిలో వచ్చు ఆ దినమున ఈ ఇంటి అలవాటును ఆరంభించుట సులువు.

కొన్ని జాగ్రత్తలును చెప్పవలెను. కండ్లు మూసికొని గ్రంథము విప్పి, వ్రేలు పడిన వాక్యమును జోస్యముగా గ్రహించుట పఠనము కాదు. ఒక్క వాక్యమును మాత్రము త్రెంచి, ముందు వెనుకలు విడిచి, వాదమునకు వాడుకొనుట పఠనము కాదు. దెబ్బలుతిను భార్యకు క్షమింపుమను వాక్యమును, ఆకలిగొన్నవానికి ఓర్చుకొనుమను వాక్యమును చూపి ఊరకుండుట పఠనమును ఆయుధముగా మార్చుట. అన్నింటికంటె సామాన్యమైన పొరపాటు మరియొకటి కలదు. ప్రసంగము వినుచు, ఇది ఫలానివానికి చక్కగా తగిలినదని మనసులో సంతోషించుట అది. పఠనము మొదట వినువానికే చెప్పబడినది. పొరుగువానికి చెప్పవలసినది వానికి వాడే విందును.

చివరగా, గుడిలో లేనివారి సంగతి. ఆదివారమునాడు పాలమూరు పల్లెలలో పూజకు వచ్చినవారిని లెక్కించునపుడు, రానివారిలో ఎందరు వలసపోయినవారని విచారింపవలెను. వారికి ఆదివారము సెలవు లేదు, వారున్నచోట తెలుగు పఠనము దొరకక పోవచ్చును. ఇప్పుడు ప్రతివారి చేతిలోను ఫోను కలదు. ఆనాటి సువిశేషమును ఇంటనున్న బిడ్డ చదివి, దూరముననున్న తల్లికి ఫోనులో వినిపించినచో, ఆ వాక్యము వారి ఇరువురి నడుమనున్న దూరమును దాటిపోవును. ఇందుకు గురువు రావలసిన పనిలేదు, ఖర్చు లేదు, పాండిత్యము అక్కరలేదు. రాబోవు ఆదివారపు పఠనము ఏదో శనివారమే తెలిసికొనుటతో ఈ పని మొదలగును. ఆ పైన సోమవారపు కూలి, మంగళవారపు అంగడి, బుధవారపు మిత్తిలెక్క వాటంతట అవియే తమ ప్రశ్నలను ముందుంచును.